సైకిల్ ఫ్రేముకు తుప్పు: తీయడం వేరు, మార్చడం వేరు, ఆపడం వేరు

వానాకాలం సగం దాటేసరికి మెట్ల కింద, బాల్కనీలో పెట్టిన సైకిళ్ల మీద గోధుమరంగు మచ్చలు తేలతాయి. ఆ వెంటనే సలహాలు మొదలవుతాయి. ఒకరు కూల్‌డ్రింకు పోసి రుద్దమంటారు, ఇంకొకరు వెనిగర్‌లో నానబెట్టమంటారు. కిరసనాయిలు చాలంటాడు వీధి చివర సైకిల్ షాపాయన. వీడియోల్లో ఒకాయన బ్యాటరీ ఛార్జరు తగిలించి తుప్పు ఊడగొడుతుంటే, మరొకాయన అసలు తుప్పు తీయనే వద్దు, దాని మీదే ఒక ద్రావణం పూస్తే నల్లగా మారి అదే కాపాడుతుందంటాడు. వీడియో చివర్లో అందరి సైకిళ్లూ మెరుస్తూనే ఉంటాయి. ఎవరిని నమ్మాలి?

వీళ్లంతా ఒకే పనికి వేర్వేరు పద్ధతులు చెబుతున్నారని మనం అనుకోవడంతోనే గందరగోళం మొదలవుతుంది. తుప్పును తీసేయడం ఒక పని. ఉన్న తుప్పును అంత తేలిగ్గా చెడని ఇంకో పదార్థంగా మార్చడం రెండో పని. కొత్తగా పట్టకుండా ఆపడం మూడోది. మొదటి పనికి వాడే సరుకు మూడో పనికి పనికిరాదు. ఒక్కోసారి దాన్ని చెడగొడుతుంది కూడా.

## ఒక్క నీటిచుక్క కింద

ఇనుము తుప్పు పట్టాలంటే నీరు, ఆక్సిజన్ రెండూ కావాలి. బళ్లో మేకుల ప్రయోగం చేసినవాళ్లకు గుర్తుండే ఉంటుంది: మరిగించి చల్లార్చి పైన నూనె పోసిన నీళ్లలో మేకు శుభ్రంగా ఉంటుంది, మామూలు నీళ్లలోది ఎర్రబడుతుంది. ఆ ప్రయోగంలో కనబడని సంగతి ఒకటుంది. తుప్పు పట్టడం ఒక విద్యుత్ చర్య. ఇనుము ఒకచోట కరిగి ఎలక్ట్రాన్లను వదులుతుంది. అవి లోహంలోంచే పక్కకు పారి, ఇంకోచోట నీటితో, ఆక్సిజన్‌తో కలుస్తాయి. కాబట్టి లోహం కరిగే చోటు, తుప్పు కనబడే చోటు ఒకటే కానక్కర్లేదు.

1920లలో కేంబ్రిడ్జ్ శాస్త్రవేత్త యూలిక్ ఎవాన్స్ దీన్ని ఒక్క చుక్కతో చూపించాడు. శుభ్రమైన ఇనుప రేకు మీద ఉప్పునీటి చుక్క వేశాడు. రంగు మారే రసాయనాలు అందులో ముందే కలిపి ఉన్నాయి. కాసేపటికి చుక్క నడిమధ్య నీలం, అంచున గులాబీ రంగు తేలాయి. నీలం ఉన్నచోట ఇనుము కరుగుతోందని అర్థం. చుక్క అంచుకు గాలి బాగా అందుతుంది, మధ్యకు అంతగా అందదు. ఆ గాలి అందని చోటే లోహం కరిగిపోతుంది. కరిగిన ఇనుము అంచువైపు వచ్చి ఆక్సిజన్‌తో కలిసి గోధుమరంగు వలయంగా పేరుకుంటుంది. తుప్పు కనబడేది వలయంలో, గుంట పడేది మధ్యలో.

సైకిల్ మీద తుప్పు ఎక్కడెక్కడ మొదలవుతుందో చూస్తే ఇదే లెక్క కనబడుతుంది. స్టిక్కరు అంచు కింద, తాళం బిగించే క్లాంపు కింద, బ్రేకు కేబులు క్లిప్పు దగ్గర, పెడల్ యాక్సిల్ ఉండే బి.బి. గొట్టం వెనక గడ్డకట్టిన బురద కింద. నీరు చేరి, గాలి సరిగ్గా ఆడని చోట్లన్నమాట. బయటికి తెరిచి ఉన్న పైపు మధ్యభాగం మాత్రం ఏళ్ల తరబడి బాగానే ఉంటుంది.

అల్యూమినియం కూడా ఆక్సిజన్‌తో కలుస్తుంది. కానీ దాని ఆక్సైడు లోహాన్ని గట్టిగా అంటిపెట్టుకుని కింది పొరను కాపాడుతుంది. ఇనుప తుప్పు అలా కాదు. కరిగిన ఇనుముకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ చోటు ఆక్రమించి, గుల్లగా ఉబ్బి, పెచ్చులుగా లేస్తుంది. ఆ గుల్లలోకి నీరు ఇంకి లోపలికి దారి దొరుకుతుంది. పైపెయింటు ఉబ్బి బుడగలా లేచిందంటే కింద తుప్పు ముందే చోటు చేసుకుందని అర్థం.

## వానకన్నా ఉప్పు ప్రమాదం

గాలి శుభ్రంగా ఉన్నప్పుడు తేమ సుమారు 60 శాతం దాటితేనే తుప్పు వేగం అందుకుంటుంది. లోహం మీద ఉప్పు పేరుకుని ఉంటే ఈ లెక్క మారిపోతుంది. వంట ఉప్పు గాలిలో తేమ 75 శాతం దగ్గరికి రాగానే తనంతట తానే నీరు పీల్చుకుని ద్రావణమవుతుంది. సముద్రపు ఉప్పులో ఉండే మెగ్నీషియం క్లోరైడుకైతే 33 శాతం చాలు. అంటే విశాఖ బీచ్ రోడ్డు పక్క అపార్ట్‌మెంటులో పెట్టిన సైకిల్, వాన పడకపోయినా, చేతికి పొడిగా తగిలినా, పైన సన్నటి తడి పొరతోనే ఉంటుంది. అలల నుంచి లేచే ఉప్పు తుంపర మొదటి కొన్ని వందల మీటర్లలోనే చాలావరకు రాలిపోతుంది. అందుకే అదే విశాఖలో పెందుర్తి వైపు ఉన్న సైకిల్‌కు ఇంత ఇబ్బంది ఉండదు. హైదరాబాదులో వానాకాలం నాలుగు నెలలు జాగ్రత్తపడితే మిగతా ఏడాదంతా టెన్షన్ లేదు.

ఉప్పు సముద్రం నుంచే రానక్కర్లేదు. ఇంట్లో ట్రైనర్ స్టాండు మీద సైకిల్ తొక్కేవాళ్ల చెమట ఫ్రేములో అన్నిటికన్నా పైనున్న పైపు మీద, హ్యాండిల్ మెడ దగ్గర కారుతుంది. వాన ఎరగని సైకిళ్లు కూడా సరిగ్గా అక్కడే పుచ్చిపోతాయి. చికాగోలోనో టొరంటోలోనో ఉండే మనవాళ్లకు చలికాలంలో రోడ్ల మీద మంచు కరగడానికి చల్లే ఉప్పుతో ఇదే సమస్య. అక్కడ కొన్నిచోట్ల వాడే కాల్షియం క్లోరైడు కూడా చాలా తక్కువ తేమలోనే నీరు లాగుతుంది.

"సైకిల్‌ను నీళ్లతో కడిగితే తుప్పు పడుతుంది, పొడిగుడ్డతో తుడిస్తే చాలు" అనే మాట ఇక్కడే తేలిపోతుంది. ఉప్పు తగలని ఊళ్లో ఆ మాటలో కొంత నిజముంది. సముద్రతీరంలో మాత్రం మంచినీళ్లతో ఉప్పు కడిగి ఆరబెట్టకపోతేనే నష్టం. పొడిగుడ్డకు ఉప్పు పూర్తిగా రాదు.

## భయపడాల్సింది ఎంత? ఒక లెక్క

తుప్పు చూడగానే ఫ్రేము విరిగిపోతుందేమోనన్న భయం సహజం. ఒక లెక్క వేసి చూద్దాం. వాతావరణం లోహాన్ని ఎంత వేగంగా తింటుందో చెప్పే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 9223 ఉంది. దాని ప్రకారం మధ్యరకం వాతావరణంలో, అంటే సీ3లో, పెయింటు లేని మామూలు ఉక్కు మొదటి ఏడాదిలో 25 నుంచి 50 మైక్రాన్ల మందం కోల్పోతుంది. ఉప్పుగాలి బాగా తగిలే సీ5లో 80 నుంచి 200 మైక్రాన్లు. వెయ్యి మైక్రాన్లయితే ఒక మిల్లీమీటరు.

మామూలు ఉక్కు పైపు గోడ మందం 1.2 మి.మీ. అనుకుందాం. ఒకవైపు నుంచే, ఏడాదికి 50 మైక్రాన్ల చొప్పున పోతే గోడ పూర్తిగా అరిగిపోవడానికి 24 ఏళ్లు. 200 మైక్రాన్ల చొప్పున 6 ఏళ్లు. ఇప్పుడు ఖరీదైన క్రోమోలీ (క్రోమియం, మాలిబ్డినం కలిపిన ఉక్కు) ఫ్రేము తీసుకోండి. దాని పైపు మధ్యభాగం 0.6 మి.మీ. మందమే ఉండవచ్చు. 200 మైక్రాన్ల వేగంతో 3 ఏళ్లు. బరువు తగ్గడం కోసం ఎక్కువ డబ్బు పెట్టి కొన్న ఫ్రేముకే తుప్పు దగ్గర వెసులుబాటు తక్కువ. పేరులో 'క్రోమ్' ఉంది కాబట్టి క్రోమోలీకి తుప్పు పట్టదని చాలామంది అనుకుంటారు. 4130 రకం క్రోమోలీలో క్రోమియం ఒక శాతం దగ్గర ఉంటుంది, స్టెయిన్‌లెస్ అనిపించుకోవాలంటే కనీసం 10.5 శాతం ఉండాలి.

ఈ లెక్కను రెండువైపులా సర్దుకోవాలి. ఇవి పెయింటు పూర్తిగా పోయిన ఉక్కుకు, మొదటి ఏడాదికి వేసిన అంకెలు. తర్వాతి ఏళ్లలో సాధారణంగా వేగం తగ్గుతుంది. కానీ లోపలా బయటా రెండువైపులా తింటుంటే నష్టం రెట్టింపవుతుంది. పైగా తుప్పు సమానంగా తినదు. గుంట పడినచోట సగటుకన్నా చాలా లోతుకు దిగుతుంది. గోడ పూర్తిగా చిల్లు పడకముందే బలం పోతుంది కూడా. అయినా ఒక విషయం మాత్రం తేలుతుంది. ఈ వానాకాలంలో గీత పడ్డచోట కనబడిన నారింజరంగు పొర వల్ల పోయిన లోహం కాగితం మందం కూడా ఉండదు. తుప్పు ఉబ్బి కనబడుతుంది కాబట్టి నష్టం ఉన్నదానికన్నా పెద్దగా తోస్తుంది.

## తీయడం: గీకేవి, కరిగించేవి

గరుకు కాగితం, ఎమెరీ, ఇత్తడి బ్రష్షు, డ్రిల్లుకు తగిలించే వైరు చక్రం ఇవన్నీ గీకే సామాను. పైపొర తుప్పుకు ఇంతకన్నా తేలికైనది లేదు. గుంట అడుగుకు మాత్రం ఇవి అందవు. చుట్టూ ఉన్న మంచి లోహాన్ని అరగదీసి, గుంటలో తుప్పును అలాగే వదిలేస్తాయి. పల్చటి పైపు మీద వైరు చక్రం గట్టిగా ఆడిస్తే తుప్పుకన్నా మనమే ఎక్కువ తినేస్తాం. కిరసనాయిలు ఈ జాబితాలో రాదు. బేరింగు బాల్స్ మీద ముదిరిన గ్రీజును అది కడుగుతుంది, తుప్పును కరిగించదు. షాపులో ఓవరాయిలింగ్ చేసేటప్పుడు అది పనిచేసినట్టు కనబడటానికి కారణం ఆ తర్వాత రుద్దే గుడ్డ, పెట్టే కొత్త గ్రీజు.

కరిగించేవి ఆమ్లాలు. వెనిగర్‌లో 4, 5 శాతం ఎసిటిక్ ఆమ్లం, కోలా రకం కూల్‌డ్రింకులో కొద్దిపాటి ఫాస్ఫారిక్ ఆమ్లం. రెండూ పనిచేస్తాయి, నిదానంగా. కిరాణా షాపులో దొరికే నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ ఆమ్లం, వీటికన్నా చవక, బలం కూడా ఎక్కువ. తుప్పు తీయడానికి పాత సైకిళ్లు బాగుచేసేవాళ్లు ఎక్కువగా ఇష్టపడేది ఆక్సాలిక్ యాసిడ్. చుక్కకూరకు పులుపు తెచ్చేది ఇదే, అయితే గాఢమైన పొడి రూపంలో ఇది విషం. చేతికి గ్లవ్స్ లేకుండా ముట్టుకోకూడదు. తుప్పులోని ఇనుమును ఇది గట్టిగా పట్టుకుని నీళ్లలోకి లాగుతుంది, పెయింటు జోలికి పెద్దగా పోదు. పాత పెయింటు, బంగారు గీతలు అలాగే ఉంచుకోవాలనుకునేవాళ్లకు అది పెద్ద సుగుణం.

బాత్‌రూమ్ కడిగే యాసిడ్ కూడా క్షణాల్లో తుప్పు తీస్తుంది. అందులో ఉండేది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. నా మటుకు దాన్ని సైకిల్ దగ్గరికి రానివ్వను. అది తుప్పుతోపాటు మంచి లోహాన్నీ తింటుంది. దాని ఆవిరి తగిలి పక్కన పెట్టిన పానాలు, స్క్రూడ్రైవర్లు కూడా రాత్రికి రాత్రే ఎర్రబడతాయి. అతుకుల్లో మిగిలిన క్లోరైడు కొత్త తుప్పుకు విత్తనం. బ్లీచింగ్‌తో కలిస్తే క్లోరిన్ విషవాయువు పుడుతుంది.

ఆమ్లం ఏదైనా మరో చిక్కు ఉంది. ఆమ్లం ఉక్కును తాకినప్పుడు పుట్టే హైడ్రోజన్ కొంత లోహంలోకి దూరుతుంది. మామూలు ఉక్కు ఫ్రేముకు దానితో పెద్ద ప్రమాదం లేదు. బాగా గట్టిపరిచిన ఉక్కు మాత్రం పెళుసెక్కి, బరువు పడ్డప్పుడు పగలవచ్చు. చైను, స్ప్రింగులు, బాల్స్ ఆ కోవలోవే. అందుకే చైనును రాత్రంతా వెనిగర్‌లో వేసి ఉంచే చిట్కా నాకు మంచిదనిపించదు. కొత్త చైను వేసుకోవడమే మేలు.

బ్యాటరీ ఛార్జరు పద్ధతిలో బట్టల సోడా కలిపిన నీళ్లలో తుప్పు భాగాన్ని రుణధ్రువానికి, పనికిరాని ఇనుప ముక్కను ధనధ్రువానికి కలుపుతారు. మంచి లోహానికి నష్టం లేకుండా తుప్పు వదులవుతుంది. ధనధ్రువంగా స్టెయిన్‌లెస్ స్టీలు వాడితే నీళ్లలోకి విషపూరితమైన క్రోమియం చేరుతుంది. సోడాకు బదులు ఉప్పు వేస్తే క్లోరిన్ వస్తుంది. ఎలాగైనా హైడ్రోజన్ వెలువడుతుంది కాబట్టి మూసిన గదిలో చేయకూడదు. ఇన్ని జాగ్రత్తలు పడ్డా ఈ విద్యుత్ ఎదురుగా ఉన్న ముఖం మీదే బాగా పనిచేస్తుంది, పైపు లోపలికి సరిగ్గా చేరదు. చిన్న విడిభాగాలకు బాగుంటుంది, ఫ్రేముకు తొట్టె దొరకడమే గగనం.

తుప్పు తీసిన తర్వాతి పది నిమిషాలే అసలైన పరీక్ష. ఆమ్లంలోంచి తీసిన ఫ్రేము బూడిదరంగులో శుభ్రంగా కనబడుతుంది. నీళ్లతో కడిగి పక్కన పెట్టి, గుడ్డ తెచ్చేలోపే అతుకుల దగ్గర పల్చగా పసుపు రంగు తిరుగుతుంది. ఇంకాసేపటికి అది నారింజ అవుతుంది. యాసిడ్ సరిగ్గా పనిచేయలేదనుకుని మళ్లీ నానబెడతారు చాలామంది. పనిచేసింది. పెయింటూ నూనే ఏదీ లేని పచ్చి లోహం అది, తేమ తగలగానే మళ్లీ మొదలైంది, అంతే. వంటసోడా నీళ్లతో మిగిలిన ఆమ్లాన్ని చంపి, వెంటనే ఆరబెట్టి, అదే పూట ప్రైమరు వేసేవాళ్లకు ఈ గొడవ ఉండదు.

## మార్చడం: కలంకారీ నలుపు, దిల్లీ స్తంభం

రస్ట్ కన్వర్టర్ పేరుతో అమ్మే సీసాల్లో ప్రధానంగా ఉండేవి టానిక్ ఆమ్లం, ఫాస్ఫారిక్ ఆమ్లం. కొన్నిటిలో రెండూ ఉంటాయి. టానిక్ ఆమ్లం ఒక రకం టానిన్. టానిన్ ఇనుముతో కలిస్తే నీలి నలుపు పదార్థం ఏర్పడుతుంది. శ్రీకాళహస్తి కలంకారీలో నలుపు వచ్చేది సరిగ్గా ఈ చర్యతోనే. తుప్పు పట్టిన ఇనుప ముక్కలను బెల్లం నీళ్లలో రోజుల తరబడి ఊరబెట్టి కసిమి అనే ద్రావణం తయారుచేస్తారు. గుడ్డను ముందే కరక్కాయ, పాలలో ముంచి ఆరబెట్టి ఉంచుతారు. కరక్కాయ నిండా టానిన్. కలం గీసినచోట రెండూ కలిసి నల్లబడతాయి, ఉతికినా పోదు.

ఫాస్ఫారిక్ ఆమ్లం తుప్పును ఐరన్ ఫాస్ఫేటుగా మారుస్తుంది. దిల్లీ మెహ్రౌలీలోని ఇనుప స్తంభం పదహారు వందల ఏళ్లుగా నిలబడటానికి అందులో భాస్వరం ఎక్కువగా ఉండటం, దానివల్ల పైన ఫాస్ఫేటు పొర ఏర్పడటం కారణమని ఐఐటీ కాన్పూర్ ఆచార్యుడు ఆర్. బాలసుబ్రమణ్యం వివరించాడు. కన్వర్టర్ అమ్మేవాళ్లకు ఇది ఇష్టమైన ఉదాహరణ. కానీ స్తంభం పొర దాని లోహంలోంచి శతాబ్దాలుగా పెరిగింది, సీసాలోంచి పూసింది కాదు.

పూర్తిగా తీయాలా, మార్చి వదిలేయాలా అన్నదాని మీద పాత సైకిళ్లవాళ్లలో రెండు వర్గాలున్నాయి. తీయాలనేవాళ్ల వాదన: ద్రావణం పైపొరనే మారుస్తుంది, మందంగా ఉన్న తుప్పు అడుగున ఉప్పుతో కూడిన చురుకైన పొర అలాగే ఉంటుంది, ఏడాది తిరిగేసరికి పెయింటు మళ్లీ ఉబ్బుతుంది. మార్చాలనేవాళ్లదీ తీసిపారేయదగ్గ మాట కాదు. గుంటల అడుగున, అతుకుల సందుల్లో బ్రష్షు ఎలాగూ పోదు, అక్కడ ఏమీ చేయకపోవడంకన్నా ఇది నయం. నాకు ఇందులో పెద్ద వైరుధ్యం కనబడదు. పెచ్చులు లేచే తుప్పు గీకేశాక, పట్టుకుని వేలాడే మిగులుకు కన్వర్టర్ సరిపోతుంది. పెచ్చుల మీదే పూస్తే డబ్బు దండగ. రెండు సందర్భాల్లోనూ దానిమీద పెయింటు తప్పనిసరి. నల్లబడిన పొర ఒక్కటే వానకు ఆగదు.

## ఆపడం: పెయింటు, పౌడర్ కోటింగ్, నూనె

ఎర్రటి రెడ్ ఆక్సైడ్ ప్రైమరులో రంగునిచ్చేది ఐరన్ ఆక్సైడే. అది ఇప్పటికే ఆక్సిజన్‌తో కలిసిపోయిన ఇనుము కాబట్టి అలాగే నిలకడగా ఉంటుంది. గేటుకు సరిపోయే ఆ ప్రైమరు సైకిల్‌కూ సరిపోతుంది. జింక్ ఫాస్ఫేటు ఉన్నది ఇంకా మంచిది.

పౌడర్ కోటింగ్ మందంగా, గట్టిగా ఉంటుంది, రాయి తగిలినా తొందరగా లేవదు. కానీ ఒకచోట చిట్లిందంటే తేమ దాని కింద సన్నని గీతలుగా పాకుతుంది, పైకి మాత్రం అంతా బాగున్నట్టే కనబడుతుంది. బ్రష్షుతో వేసిన మామూలు పెయింటు త్వరగా గీతలు పడినా, ఎక్కడ పోయిందో కనబడుతుంది, నెయిల్ పాలిష్‌తో కూడా పూడ్చవచ్చు. రోజూ చూసుకునే మనిషికి పెయింటు, చూసుకోని మనిషికి పౌడర్ కోటింగ్ అని నా లెక్క.

డబ్ల్యూడీ-40 ని 1953లో శాన్‌డియెగో కంపెనీ ఒకటి అట్లాస్ క్షిపణి పైతొడుగు కోసం తయారుచేసింది. పేరు పూర్తిగా చెప్పాలంటే నీటిని తరిమే 40వ ప్రయత్నం. (మన అట్లాస్ సైకిల్‌కూ ఆ క్షిపణికీ సంబంధం లేదు, కలిసింది పేరే.) నీటిని తరమడం దానికి బాగా వచ్చు. తడిసిన సైకిల్‌కు ఆ సాయంత్రం కొడితే లాభం. తర్వాత మిగిలే పొర చాలా పల్చన, నాలుగు వానలకు నిలవదు. కొబ్బరినూనె రాసే అలవాటు కొన్ని ఇళ్లలో ఉంది. కొన్నాళ్లు కాపాడుతుంది, ఆ తర్వాత జిడ్డు ముదిరి దుమ్మును పట్టుకుంటుంది.

దసరాకు ఆయుధపూజ పేరిట సైకిల్ కడిగి, తుడిచి, పసుపు కుంకుమ పెట్టడం చాలా జిల్లాల్లో సరిగ్గా వానలు తగ్గే వేళకు పడుతుంది. నెల్లూరు వైపు అలా కుదరదు. అక్కడ పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలతో, దసరా దాటాక వస్తాయి. ఆ వైపు వాళ్లు సంక్రాంతికి మరోసారి చూసుకోవాలి.

## కనబడని లోపలి తుప్పు

ఇప్పటిదాకా చెప్పిందంతా కంటికి కనబడే తుప్పు గురించి. ఫ్రేములను నిజంగా చంపేది లోపలిది. సీటు పైపు చీలిక గుండా, వెనక పైపులకు వెల్డింగు వేళ పెట్టిన చిన్న రంధ్రాల గుండా నీరు దిగి, అన్నిటికన్నా కిందనున్న బి.బి. గొట్టంలో నిలుస్తుంది. పగటి వేడి, రాత్రి చలికి పైపుల్లోపల ఆవిరి కూడా చుక్కలు కడుతుంది. అక్కడ పెయింటు ఉండదు, ఎండ తగలదు.

సీటు తీసి సైకిల్‌ను తలకిందులు చేసి పైపును చేత్తో తట్టండి. పొడిగా కొద్దిపాటి ధూళి రాలితే ఫర్వాలేదు. గోధుమరంగు పెచ్చులు, వాటివెంట నీళ్లు కారాయంటే లోపల చాలాకాలంగా పని నడుస్తోంది. బి.బి. గొట్టం అడుగున చిన్న రంధ్రం ఉన్న ఫ్రేముల్లో అది బురదతో మూసుకుపోయి ఉండటం మామూలే. ఉన్న రంధ్రాన్ని పుల్లతో తెరవడం ఒక్కటే ఎన్నో ఫ్రేములను కాపాడుతుంది.

లోపలికి గరుకు కాగితం పోదు, పెయింటు సమంగా పట్టదు. కార్ల తలుపుల్లో కొట్టే మైనపు స్ప్రే గానీ, మరిగించిన అవిసె నూనె గానీ పోసి, ఫ్రేమును అన్ని వైపులకూ తిప్పి, మిగిలింది వార్చేస్తారు. అవిసె నూనె గాలి తగిలి గట్టి పొరగా మారుతుంది. ఆ మారేటప్పుడు వేడి పుడుతుంది. నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూల పడేస్తే వాటంతటవే అంటుకునే ప్రమాదం ఉంది. వాటిని విప్పి, ఆరుబయట విడివిడిగా ఆరేయాలి.

అల్యూమినియం సీటు రాడ్డు ఉన్న ఉక్కు ఫ్రేములో ఇంకో బెడద ఉంది. రెండు లోహాల మధ్య తడి చేరితే కరిగేది అల్యూమినియం. దాని ఆక్సైడు ఉబ్బి రాడ్డును పైపులో బిగదీస్తుంది. కొన్నేళ్ల తర్వాత సీటు ఎత్తు మార్చబోతే కదలదు. గ్రీజు రాసి, ఏడాదికోసారి బయటికి తీసి మళ్లీ పెట్టడమే దీనికి మందు.

## ఎప్పుడు వదులుకోవాలి

స్క్రూడ్రైవర్ కొనతో గట్టిగా నొక్కినప్పుడు లోహం లోపలికి దిగినా, చిల్లు కనబడినా, అతుకు పక్కన పెయింటులో వెంట్రుకలాంటి పగులు ఉన్నా అది ఇక తుప్పు సమస్య కాదు, బలం సమస్య. హ్యాండిల్ మెడ, ముందు చక్రాన్ని పట్టుకునే చిమటా దగ్గర అలాంటిది కనబడితే ఆ సైకిల్ ఎక్కకూడదు. అవి విరిగితే మనిషి ముందుకే పడతాడు. వెనక సన్నపైపుకు చిల్లు పడితే అనుభవమున్న వెల్డరు ఆ పైపు మార్చగలడు. పైన రేకు ముక్క పెట్టి అతికించడం మాత్రం నిలవదు, చుట్టూ ఉన్న లోహం కూడా అంతే పల్చబడి ఉంటుంది. పాత రోడ్‌స్టర్ ఫ్రేము ధరతో పోలిస్తే ఈ పనికయ్యే ఖర్చు చాలాసార్లు ఎక్కువే అవుతుంది. తాతగారి సైకిల్ అని పెట్టుకోదలచుకుంటే ఆ లెక్క వేరు, తొక్కడానికైతే ఇంకో ఫ్రేము వెతుక్కోవడమే నయం.